ఒక యంత్రం - రెండు కాపురాలు

మా యింటి మధ్య గోడ కట్టి ఆరేళ్ళయింది. పెద్ద గోడేమీ కాదు. హాల్లో గడియారం మేకు దగ్గిర మొదలై పెరటి గుమ్మం దాకా పోయే నాలుగున్నర అంగుళాల యిటుక గోడ. అటు మా తమ్ముడి కాపురం, యిటు నాది. మా నాన్నగారు నాగార్జునసాగరం పనుల్లో గుమాస్తాగా వుండి, ఆ పని అయిపోయాక, మాచర్ల నుంచి సాగరు పోయే దోవలో ఎత్తిపోతలకి దగ్గిరగా యింత జాగా కొని కట్టిన యిల్లు. వానాకాలంలో రాత్రిపూట, రోడ్డుమీద లారీల రొద సద్దుమణిగాక, చెవి వొగ్గితే జలపాతం హోరు వినిపిస్తుంది. ఆ హోరుకి మాత్రం గోడ అడ్డం రాలేదు. యిద్దరికీ సమానంగానే వినిపిస్తుంది.

పంపకాలంటే తెలుసు గదా. గిన్నెలు, గంగాళాలు, మంచాలు, బీరువా అన్నీ లెక్కపెట్టి పంచారు పెద్దమనుషులు. చివరికి నాన్నగారి డైరీలు మిగిలాయి. 1957 నుంచి 1967 దాకా యేడాదికొకటి చొప్పున పదకొండు. పదకొండుని రెండు సమభాగాలు చెయ్యటం యే పెద్దమనిషి వల్లా కాదు. చీట్లు వేశారు. నాకు ఆరు, వాడికి అయిదు. 1967 డైరీ నా వాటాకి వచ్చింది. దాని సంగతి తరవాత చెపుతాను.

ఆనాటినుంచీ మేమిద్దరం యెదురుపడితే తలొంచుకుని పోవటమే. ఆడవాళ్ళు మాకంటె తెలివైనవాళ్ళు. గోడ చివర, పెరట్లో, వాళ్ళ గిన్నెలు అటూ యిటూ మారుతూనే వుండేవి. మా మరదలు గోంగూర పచ్చడి చేస్తే ముందు మా యింటికి వొక గిన్నె రావలసిందే. ఆ గిన్నెని తిరిగి ఖాళీగా పంపటం మా ఆవిడ యెరగదు.

పంచకుండా వొదిలేసినవి రెండే. ముందు వసారా వొకటి, పెరట్లో చింతచెట్టు వొకటి. ఆ చెట్టు మొన్నామధ్య గాలివానకి కూలిపోయింది. మొద్దు కొనుక్కున్నవాడు డబ్బు తెచ్చి వసారాలో బల్లమీద పెట్టి పోయాడు. నేను ముట్టుకోలేదు. తమ్ముడూ ముట్టుకోలేదు. రెండు రోజులు ఆ నోట్లు పాత పేపరు కింద అల్లాగే వున్నాయి. మూడోనాడు తమ్ముడి కొడుకు, యింజినీరింగు చదివినవాడు, నా దగ్గిరికి వచ్చాడు.

"పెదనాన్నా, మీ యిద్దరికీ అక్కర్లేకపోతే ఆ డబ్బు నాకివ్వండి. కంప్యూటరు కొంటాను. వసారాలోనే పెడదాం. పొద్దున మీరు, మధ్యాహ్నం నుంచి మేము."

నాకూ అవసరం లేకపోలేదు. నాన్నగారి డైరీలు పుటలు పెళుసెక్కి, ముట్టుకుంటే విరిగిపోతున్నాయి. చెదలు కూడా రుచి చూశాయి. వాటిని టైపు చేసి దాచాలని యెన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. సరే అన్నాను. వాడు నరసరావుపేట వెళ్ళి వొక పాత కంప్యూటరు బేరం చేసి తెచ్చాడు. తెచ్చిన రోజునే చెప్పాడు, దీంట్లో రెండు ఆపరేటింగ్ సిస్టములు యెక్కిస్తానని. నాకు లినక్సు, తనకి ఫ్రీబీఎస్‌డీ.

ఆపరేటింగ్ సిస్టమంటే నాకు తెలిసినంతలో యింటి యిల్లాలిలాంటిది. సామాను యెక్కడ పెట్టాలి, యెవరికి యెంత వడ్డించాలి, యెవరిని లోపలికి రానివ్వాలి, యెవరిని గుమ్మంలోనే ఆపాలి, అన్నీ ఆవిడ చేతిలో వుంటాయి. ఆవిడ లేకపోతే యిల్లు వుంటుంది గాని కాపురం వుండదు. మరి వొకే యింట్లో యిద్దరు యిల్లాళ్ళేమిటి?

"ఒరేయ్, వొకదాంట్లోనే యిద్దరికీ చెరో ఖాతా తెరిస్తే పోదూ?" అన్నాను.

"పోతుంది పెదనాన్నా. యునిక్స్ పద్ధతి పెరిగిందే వొక యంత్రాన్ని పదిమంది వాడుకోవటానికి. కాని నేను ఫ్రీబీఎస్‌డీ నేర్చుకోవాలి. నేర్చుకోవటమంటే విప్పాలి, విరగ్గొట్టాలి, మళ్ళీ బిగించాలి. నేను విరగ్గొట్టిన రోజున తాతయ్య డైరీ ఆగకూడదు గదా."

వొకదాని కడుపులో రెండోదాన్ని నడిపే ఉపాయమూ వుందట. దానికి మా యంత్రంలో వున్న 4 జీబీ జ్ఞాపకం చాలదన్నాడు. అంచేత రెండూ వొకే యింట్లో వుంటాయి గాని, వొకటి మేలుకున్నప్పుడు రెండోది నిద్రలో వుంటుంది. యెదురుపడవన్నమాట. మా అన్నదమ్ముల వ్యవహారంలాగే వుందే అనుకున్నాను గాని పైకి అనలేదు.

అవి యెక్కుతున్నంతసేపూ వాడు వాటి వంశవృక్షం చెప్పాడు. 1969లో అమెరికాలో బెల్ లేబరేటరీస్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అనేవారు పనికిరాక మూలపడివున్న చిన్న యంత్రం మీద మొదలుపెట్టింది యునిక్స్. అది విశ్వవిద్యాలయాలకి పాకింది. కాలిఫోర్నియాలో బర్కిలీవారు దానికి చేర్పులూ మార్పులూ చేసి 1970ల చివరనుంచి తమ ప్రతిని పంచిపెట్టారు. అదే బీఎస్‌డీ శాఖ. ఆ శాఖలో 1993లో పుట్టింది ఫ్రీబీఎస్‌డీ. లినక్సుది వేరే కథ. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, యునిక్స్ ఆచారాలన్నీ పాటిస్తూ, యునిక్స్ రక్తం వొక్క చుక్క కూడా లేకుండా, మొదటి అక్షరం నుంచీ కొత్తగా రాసుకున్న మూలభాగం అది. దాని చుట్టూ కావలసిన పనిముట్లు రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ అనే ఉద్యమం అప్పటికే చాలావరకు సిద్ధం చేసి వుంచింది.

"అంటే వొకడు ఔరసుడు, రెండోవాడు దత్తుడు," అన్నాను.

"దత్తత కూడా యెవరూ యివ్వలేదు పెదనాన్నా. తనంతట తానే వచ్చి పీట వేసుకుని కూచున్నాడు."

యింకో సంగతి చెప్పాడు. నాకు బాగా నచ్చింది. సరిగ్గా లినక్సు యెదుగుతున్న రోజుల్లోనే అసలు వంశంలో దావా పడింది. 1992లో యునిక్స్ హక్కులున్నవారు బర్కిలీ శాఖమీద కోర్టుకెక్కారు, మా రాత మీరు కాపీ కొట్టారని. 1994లో రాజీ కుదిరింది. తీరా చూస్తే సుమారు 18,000 దస్త్రాల్లో తీసెయ్యవలసి వచ్చినవి మూడు! మరో 70 దస్త్రాల మీద పేరు వేస్తే సరిపోయింది. ఈ లోపల జనం దావా తేలని యిల్లు కొనటం యెందుకని లినక్సు వైపు వెళ్ళిపోయారు. యింటెల్ 386 యంత్రానికి పనికొచ్చే బీఎస్‌డీ ముందే చేతికి వచ్చివుంటే తాను లినక్సు మొదలుపెట్టేవాణ్ణే కాదేమోనని ఆ లైనస్ గారే తరవాత అన్నారట. మూడు దస్త్రాల కోసం! మా పంపకంలో కూడా చివరిదాకా తేలక యిద్దరికీ నిద్ర లేకుండా చేసింది వొక యిత్తడి కాగు.

యీ వ్యవహారమంతా మనకెందుకని మీరనుకోవచ్చు. మీ చేతిలో ఫోను ఆండ్రాయిడ్ అయితే దాని అడుగున వున్నది లినక్సే. ఆపిల్‌వారిదైతే దాంట్లో బర్కిలీ శాఖ అంశ వుంది. పిల్లలు ఆడే ప్లేస్టేషన్ 4లో వున్నది ఫ్రీబీఎస్‌డీ నుంచి వచ్చిందే. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా చూస్తే ఆ బొమ్మలు పంపే యంత్రాల్లో వున్నదీ అదే. ఈ దాయాదులిద్దరూ లేని యిల్లు యిప్పుడు అరుదు.

నాకు పెట్టిన లినక్సు పేరు డెబియన్. యెక్కించేటప్పుడే తెలుగులో ప్రశ్నలడుగుతుంది. మీట నొక్కితే తెలుగులో టైపు అవుతుంది. వాడి ఫ్రీబీఎస్‌డీ మొదట్లో నల్లటి తెర, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, అంతే. మా తెలుగు పేర్ల దస్త్రాలు అక్కడ వింత గుర్తుల్లాగా కనపడేవి. వారం రోజులు కుస్తీపట్టి దానికీ కిటికీలు, తలుపులు, తెలుగు అక్షరాలు అమర్చాడు.

డిస్కును ముక్కలు చెయ్యటాన్ని వాళ్ళు 'పార్టిషన్' అంటారట. ఆ మాట వినగానే నాకు గుండె కలుక్కుమంది. 500 జీబీ డిస్కులో ముందర వీధి గుమ్మంలాంటి చిన్న ముక్క వొకటి. తరవాత నూరు నాకు, నూరు వాడికి. మిగిలినదంతా ఉమ్మడి.

"ఉమ్మడి దేనికిరా? తగువులన్నీ అక్కడే వస్తాయి," అన్నాను.

"డైరీలు పెట్టడానికి. మీ ఆరూ మీరు కొట్టండి. మా అయిదూ నేనూ నాన్నా కొడతాం. అన్నీ ఉమ్మడిగదిలో వరసగా వుంటాయి."

అప్పుడు తెలిసింది నాకు వాడి యెత్తు. వాడు కంప్యూటరు అడిగింది ఫ్రీబీఎస్‌డీ కోసం మాత్రమే కాదు. తెలిసీ తెలియనట్టు వూరుకున్నాను.

ఉమ్మడిగదిలో యే లిపి వుండాలన్నది మొదటి చిక్కు. మనుషుల లిపి కాదు. డిస్కు మీద లెక్కలు రాసుకునే పద్ధతి. వాడిది యూఎఫ్ఎస్ అని వొకటి, నాది ఈఎక్స్‌టీ4 అని వొకటి. వాడి సిస్టము నా పద్ధతిని చదవగలదు, రాయగలదు. నాది వాడి పద్ధతిని చదువుతుందే గాని, రాయటానికి జంకుతుంది. అంచేత ఉమ్మడిగది నా పద్ధతిలోనే కట్టాడు. నాకు లోలోపల కొంచెం గర్వంగానే వుంది. వీధి గుమ్మం కాపలా కూడా నా లినక్సుదే. మీట నొక్కగానే "యెవరు కావాలి?" అని అయిదు సెకన్లు ఆగుతుంది. యేమీ అనకపోతే నన్నే లోపలికి తీసుకుపోతుంది. అయితే ఆ కాపలావాడు ఫ్రీబీఎస్‌డీని తనంతట తాను పోల్చుకోలేదు. పక్క వాటాలో మనిషి వున్నట్టే యెరగనట్టు వూరుకున్నాడు. మావాడు చేత్తో నాలుగు పంక్తులు రాసిపెట్టాక గాని వాడి పేరు పట్టికలోకి ఎక్కలేదు.

పని మొదలయింది. పొద్దున కాఫీ తాగి నేను కూచునేవాణ్ణి. భోజనాలయ్యాక అటువాళ్ళు కూచునేవారు. మావాడు లేనప్పుడు తమ్ముడు వొక్కడే, రెండు వేళ్ళతో, అక్షరానికో నిట్టూర్పు చొప్పున కొట్టటం కిటికీలోంచి కనపడేది.

పది రోజులు తిరక్కుండానే మొదటి తగువు. తమ్ముడు నేను కొట్టిన 1958 డైరీలో యేదో అక్షరం తప్పు దిద్దబోయాడట. "పర్మిషన్ డినైడ్" అంది యంత్రం. అంటే వీల్లేదు పొమ్మని. గోడ అవతల వాడి గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "చూశావుటే, అన్నయ్య దీనికి కూడా తాళం వేసుకున్నాడు!"

నేను యే తాళమూ వెయ్యలేదు. తాళం యెక్కడుందో కూడా నాకు తెలియదు. మావాడు వచ్చి చూసి నవ్వాడు. ఈ సిస్టములకి మన పేర్లు పైకి పిలవటానికే గాని, లోపల లెక్కంతా అంకెల మీదే. డెబియన్ మొదటి మనిషికి 1000 అనే నంబరిస్తుంది. ఫ్రీబీఎస్‌డీ 1001తో మొదలుపెడుతుంది. నేను రాసిన దస్త్రం మీద 1000 అని వుంది. అటువైపు ఆ నంబరుగల మనిషే లేడు. పేరు వుండవలసిన చోట వుత్త 1000 అని చూపించింది. వూళ్ళో అందరూ యెరిగిన పొలమైనా సరే, పాస్‌బుక్కులో సర్వే నంబరు తేడావస్తే ఆఫీసులో మనది కాదన్నట్టే.

మందు యేమిటంటే, యిద్దరినీ కలిపి వొక గుంపు చేసి, ఆ గుంపుకి రెండువైపులా వొకే నంబరిచ్చి, ఉమ్మడిగదిలో గుంపు మొత్తానికి రాసే హక్కు యివ్వటం. అక్కడ కూడా వొక ఆచారభేదం బయటపడింది. ఫ్రీబీఎస్‌డీలో కొత్తగా పుట్టిన దస్త్రం తాను పుట్టిన గది గుంపుకి చెందుతుంది. లినక్సులో అయితే మామూలుగా పుట్టించినవాడి గుంపుకి చెందుతుంది. గది మీద ప్రత్యేకంగా వొక గుర్తు పెడితే తప్ప వినదు. వొకరిది యింటిని బట్టి యింటిపేరు, వొకరిది తండ్రిని బట్టి. ముప్ఫై యేళ్ళు సంసారం చేసిన మా ఆవిడకి యిది చెపితే, "మరి పుట్టింటి పేరు పెట్టుకునేది లేదేం?" అంది. దానికి మావాడి దగ్గిర కూడా జవాబు లేదు.

ఆ గుర్తు పెట్టాక తమ్ముడి వేలికి అడ్డు తొలగింది. తాళం సంగతి మళ్ళీ యెవరూ యెత్తలేదు.

అసలు ముప్పు గడియారంతో వచ్చింది. వానలు పట్టి వీధిలో కేబులు తెగి, పదిరోజులపాటు మాకు ఇంటర్నెట్ లేదు. వొక ఉదయం ఆరింటికి యంత్రం తెరిస్తే తెర మూల గడియారం పదకొండున్నర చూపిస్తోంది. బయట యింకా సరిగా తెల్లవారలేదు. ముసలి యంత్రం, మతి తప్పింది కాబోలు అనుకున్నాను. మర్నాడూ అంతే. "యేమండీ, పదకొండున్నరయితే మధ్యాహ్నం మాత్ర వేసుకోరాదూ," అని మా ఆవిడ వేళాకోళం. యిహ యెవరితోనూ చెప్పకుండా, మనసులోనే అయిదున్నర గంటలు తీసేసుకుని పని చేసుకుపోయాను. అక్కడే నేను చేసిన తప్పు.

ఆ రోజుల్లోనే 1967 డైరీకి వచ్చాను. ఆగస్టు 4. సాగరు కుడి, ఎడమ కాలవలకి శ్రీమతి ఇందిరాగాంధీ నీళ్ళు వొదిలిన రోజు. నాన్నగారు తమ గుండ్రటి అక్షరాల్లో రాశారు, జనం యెంతమంది వచ్చారో, గుమాస్తాలకి యెక్కడ నిలబడే చోటిచ్చారో. చివర వొక్క పంక్తి: "పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని నీరు చూపించాను."

అది చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ నీళ్ళ రుచి నాకు గుర్తు. పంక్తి పక్కన కుండలీకరణాల్లో "నన్నే" అని చేర్చి, సంతకంలాగా రోజూ చేసుకునే నకలు ఒకటి పెన్‌డ్రైవులో దాచుకుని, లేచిపోయాను.

నాలుగు రోజుల తరవాత గోంగూర గిన్నె రావటం ఆగిపోయింది. గోడ అవతల పచ్చడి నూరుతున్న వాసన వచ్చింది గాని, గిన్నె రాలేదు. మా ఆవిడ పెరట్లోకి వెళ్ళి పలకరిస్తే మరదలు ముఖం తిప్పుకుందట. చివరికి కారణం బయటపడింది. ఆ రోజు మధ్యాహ్నం తమ్ముడు నేను రాసిన "నన్నే" చూసి, కింద తన మాట వొక పేరా రాశాడట. మూడు గంటలు కూచుని రెండు వేళ్ళతో కొట్టాడట. మర్నాడు చూస్తే తన పేరా మాయం. నా "నన్నే" మాత్రం నిక్షేపంలాగా వుంది.

"నాన్న భుజం కూడా తన వాటాకే రాసుకున్నాడు," అన్నాడట.

నేను చెరపలేదు మొర్రో అని యెవరితో చెప్పను? చెప్పటానికి మాట్లాడుకునే అలవాటు వుండాలి గదా. సాయంత్రం బయలుదేరి జలపాతం దగ్గిరికి నడిచి పోయి కూచున్నాను. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి యిక్కడ 70 అడుగుల పైనుంచి కిందికి దూకుతాయి. వాన రోజులు కదా, నీళ్ళు యెర్రగా వున్నాయి. కింద మడుగులో మొసళ్ళున్నాయని పిల్లల్ని పట్టుకుని లాగుతున్నారు తల్లులు. ఎత్తి పోసినట్టు పడుతుంది గనక ఎత్తిపోతల అన్నారంటారు కొందరు. కాదు, యతులు తపస్సు చేసిన చోటు గనక యతి తపోతలం, అదే యిల్లా మారిందంటారు యింకొందరు. చిన్నప్పుడు దీనిమీద కూడా నేనూ తమ్ముడూ పోట్లాడుకున్నాం. వాడిది యతుల పక్షం.

సాగరు సంగతే చూడండి. జలాశయం వొకటి. కుడివైపు జవహర్ కాలవ, ఎడమవైపు లాల్ బహదూర్ కాలవ. 2014లో రాష్ట్రం రెండయ్యాక, 2023 నవంబరులో, 26 గేట్ల డ్యాము మీద పదమూడో గేటు దగ్గిర ముళ్ళకంచె పడింది. న్యాయం యెవరిదో చెప్పటానికి నేనెవణ్ణి? కాని నాన్నగారు వుండి ఆ కంచె చూస్తే డైరీలో యేమని రాసుకునేవారా అనిపించింది.

మావాడు మోటారు సైకిలు మీద వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో వొక కాగితం.

"పెదనాన్నా, వొక్క మాట నిజం చెప్పండి. ఈ పదిరోజుల్లో మీ వైపు గడియారం తప్పు చూపించిందా?"

"చూపించింది. అయిదున్నర గంటలు ముందు."

వాడు నెత్తి కొట్టుకున్నాడు. "ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

కాగితం మీద రాసి చూపించాడు. యంత్రంలోపల చిన్న బాటరీతో నడిచే గడియారం వొకటి వుంటుందట. అది చూపించేది గ్రీనిచ్ కాలమా, మన వూరి కాలమా అన్నది దానికి తెలియదు. ఆ నిర్ణయం ఆపరేటింగ్ సిస్టముది. లినక్సు దాన్ని గ్రీనిచ్ కాలమనుకుని, 5-30 కలిపి మనకి చూపిస్తుంది. ఫ్రీబీఎస్‌డీ యెక్కించేటప్పుడే, ఇది గ్రీనిచ్ కాలమేనా అని అడుగుతుంది. మావాడు తొందరలో కాదన్నాడు. అప్పటినుంచీ అది ఆ గడియారాన్ని మన వూరి కాలానికి దిద్ది పెడుతోంది. నా లినక్సు లేచి, దానికి మరో 5-30 కలుపుకుంటోంది. ఇంటర్నెట్ వున్నన్నాళ్ళూ బయటినుంచి సరైన టైము తెలుసుకుని సర్దుకునేవి. అది పోగానే బయటపడింది.

"మీరు పొద్దున పదింటికి రాసిన దస్త్రం మీద మధ్యాహ్నం మూడున్నర అని ముద్ర పడింది. దాన్నే పెన్‌డ్రైవులో దాచారు. నాన్న అదే దస్త్రంలో తన పేరా రాసి ముగించింది రెండింటికి. అటువైపు గడియారం సరైనదే గనక దానిమీద రెండు అనే పడింది. రాత్రి నేను డిస్కునీ పెన్‌డ్రైవునీ సరిచూసే ప్రోగ్రాం నడిపాను. రెండిట్లో యేది కొత్తదైతే దాన్ని వుంచమని దానికి నేనే చెప్పాను. అది మూడున్నర ముద్ర వున్న మీ నకలే కొత్తదనుకుని, నాన్న రాసినదాని మీద పరిచేసింది. చెరిపింది మీరు కాదు. నేను."

"నువ్వూ కాదురా. నేను నోరు విప్పకపోవటం," అన్నాను.

నోరు విప్పకపోవటంలో నాకున్న అనుభవం వాడికేం తెలుసు?

పోయిన పేరా తిరిగి రాదన్నాడు. రెండు చోట్లా పాతదే వుంది. వాడి వెనకాల బండెక్కి యింటికి వచ్చాను. దోవలో యెన్ని మాటలు కూడబలుక్కున్నానో లెక్కలేదు. తమ్ముడు వసారాలో ఈతచాప మీద పడుకుని వున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూచో. నువ్వు రాసిందేమిటో చెప్పు. మళ్ళీ కొడతాను," అన్నాను. ఆరేళ్ళ తరవాత వాడితో నేనన్న మొదటి మాట అది. కూడబలుక్కున్నవాటిల్లో అది లేదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత గోడకేసి చూస్తూ అన్నాడు: "అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. నాకు అయిదు. తొమ్మిదేళ్ళ గాడిదను యెవరు భుజాన ఎక్కించుకుంటారు?"

నాకు జవాబు తోచలేదు. మా ఆవిడ కిటికీ వెనకనుంచి ఫక్కున నవ్వింది.

"నీకు ఆ రోజు జ్వరం. అమ్మ నీ దగ్గిర వుండిపోయింది. నాన్న నన్ను తీసుకెళ్ళాడు. వచ్చేటప్పుడు నీకోసమని ఆ కాలవ నీళ్ళు సీసాలో పట్టుకొచ్చాడు. ఆస్పత్రి మందు సీసా. డోసులు లెక్కపెట్టటానికి పక్కన కాగితం అంటించివుండేది చూడు, అది. నీకు తాగించాడు."

ఆ సీసా నాకు కళ్ళకి కట్టింది. పళ్ళున్న కాగితం. మందు వాసన తగిలే నీళ్ళు. యిన్నేళ్ళూ ఆ రుచిని పట్టుకుని నేను కాలవగట్టు మీద నిలబడి దోసిలితో తాగాననుకుంటున్నాను. నేను అసలు గడపే దాటలేదు.

యంత్రం తెరిచాను. వాడు చెపుతూ వుంటే కొట్టాను. పోయిన పేరా పది పంక్తులైతే ఈసారి రెండు పుటలయింది. అంతా అయ్యాక నా "నన్నే" తీసెయ్యబోయాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వుంచు. నువ్వట్లా అనుకున్నావని కూడా తెలియాలి గదా," అన్నాడు.

మావాడు ఆ రాత్రే ఫ్రీబీఎస్‌డీకి కూడా లోపలి గడియారం గ్రీనిచ్ కాలమేనని చెప్పి సరిచేశాడు. యిప్పుడు రెండూ వొకే టైము చూపిస్తున్నాయి. సరిచూసే ప్రోగ్రాముకి కూడా బుద్ధి చెప్పాడు. దేన్నైనా మార్చే ముందు పాతదాన్ని పక్కన దాస్తుంది.

గోడ గోడలాగే వుంది. యింత సిమెంటు పోసి కట్టిందాన్ని పడగొట్టేదేమిటి అంటాడు తమ్ముడు. నేనూ అదే అంటాను. పదకొండు డైరీల్లో తొమ్మిది పూర్తయ్యాయి. 1963 దాంట్లో మాత్రం రెండు కాగితాలు లేవు. అవి నీ వాటాలోనే వుంటాయని వాడంటాడు, నీ వాటాలోనేనని నేనంటాను. నిన్న సాయంత్రమంతా దీనిమీద యిద్దరం వసారాలో గట్టిగా అరుచుకున్నాం. రేపు అటక మీద వెతకాలి. అటక నా వైపు వుంది, నిచ్చెన వాడి వైపు వుంది.